కర్నూలు చిరునామా, లిస్బన్ అప్పగింత

2001లో సికింద్రాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం కర్నూలు చిరునామాలతో మూడు పాస్‌పోర్టులు జారీ చేసింది. రమీల్ కామిల్ మాలిక్, సనా మాలిక్ కమాల్, నేహా ఆసిఫ్ జాఫ్రీ అన్నవి వాటిమీది పేర్లు. ఆ పేర్లు గలవాళ్లు కర్నూలులో ఏనాడూ కాపురం ఉండలేదు. మొదటి పేరు వెనక ఉన్నది 1993 బొంబాయి పేలుళ్ల కేసులో పోలీసులు వెతుకుతున్న అబూ సలేం. రెండో పేరు మోనికా బేడీది. ‘తాజ్‌మహల్’ సినిమాతో ఆమె తెలుగువాళ్లకు తెలిసిన మనిషే. మూడోది సలేం భార్య సమీరా జుమానీది.

పాస్‌పోర్టు ఊరికే రాదని దరఖాస్తు పెట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. స్పెషల్ బ్రాంచి నుంచి పోలీసు రావాలి, ఇల్లు చూడాలి, ఇరుగుపొరుగును అడగాలి, ఫలానా మనిషి ఇక్కడే ఉంటున్నాడని రాసి సంతకం పెట్టాలి. పాస్‌పోర్టు వచ్చాక పోస్ట్‌మన్ దాన్ని ఆ మనిషి చేతికే ఇవ్వాలి. ఈ మూడు పాస్‌పోర్టుల విషయంలో ఇన్ని చేతులూ తప్పాయి. అందుకే సీబీఐ పెట్టిన కేసులో పోలీసు, తపాలా సిబ్బంది కూడా ముద్దాయిలయ్యారు. హైదరాబాద్ సీబీఐ కోర్టు 2006లో మోనికా బేడీకి అయిదేళ్ల శిక్ష వేసింది. హైకోర్టు దాన్ని మూడేళ్లకు తగ్గించింది. 2010 నవంబరులో సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయం చేస్తూనే, అప్పటికి ఆమె గడిపిన జైలు కాలం చాలంది. అబూ సలేంకు ఇదే వ్యవహారంలో 2013 నవంబరులో ఏడేళ్లు పడ్డాయి.

పరదేశంలో దొరికిన మనిషిని తెచ్చుకోవడం గురించి, తమ పౌరుణ్ణి ఇచ్చేది లేదనే దేశాల గురించి రాయబోతూ కర్నూలు నుంచి మొదలుపెట్టడానికి కారణం ఇదే. నేరస్తుల అప్పగింత చట్టం ఢిల్లీలోనో లండన్‌లోనో పుట్టి అక్కడే తిరిగే వ్యవహారంగా కనిపిస్తుంది. కానీ ఒక మనిషి ఏ దేశపువాడు అన్న ప్రశ్నకు మొదటి జవాబు రాసేది ఒక వీధిలో, ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ కానిస్టేబులే.

అప్పగింత అనే మాట మనకు పెళ్లిళ్లలో తెలుసు. పళ్లెంలో పాలు పోసి, పిల్ల చేతులు అందులో ముంచి, అత్తమామల చేతుల్లో పెడతారు. పుట్టింటివాళ్లు కళ్లు తుడుచుకుంటూ, మా బిడ్డను బాగా చూసుకోండని అడుగుతారు, అవతలివాళ్లు ఆ మాటకు కట్టుబడతామంటారు. దేశాల మధ్య అప్పగింత కూడా ఇలా మాట పుచ్చుకునే ఇవ్వడం. అబూ సలేం విషయంలో జరిగింది అదే.

అతను 2002 సెప్టెంబరు 18న లిస్బన్‌లో పట్టుబడ్డాడు. అప్పటికి భారత్‌కూ పోర్చుగల్‌కూ మధ్య అప్పగింత ఒప్పందమే లేదు, అది 2007లో గానీ కుదరలేదు. బాంబు పేలుళ్ల అణచివేతకు దేశాలన్నీ కలిసి చేసుకున్న ఒడంబడికను ఆధారం చేసుకుని, ఇచ్చిపుచ్చుకునే హామీ మీద మన ప్రభుత్వం అడిగింది. పోర్చుగల్‌లో మరణశిక్ష లేదు, యావజ్జీవం లేదు. అందుకని 2002 డిసెంబరులో నాటి ఉపప్రధాని ఎల్.కె. అద్వానీ ఉరి వేయబోమనీ, పాతికేళ్లకు మించి జైల్లో ఉంచబోమనీ రాసిచ్చారు. 2005 నవంబరులో సలేంనూ మోనికానూ మనకు అప్పగించారు. పోర్చుగల్ ముందు పెట్టిన కేసుల జాబితాలో హైదరాబాద్ సీబీఐ నమోదు చేసిన ఈ పాస్‌పోర్టు కేసు కూడా ఉంది.

ఆ తర్వాత మాట దగ్గరే తగాదా వచ్చింది. ఏ నేరానికని అప్పగించారో ఆ నేరానికే విచారించాలి, ఇంటికి తెచ్చుకున్నాక కొత్త నేరాలు తగిలించకూడదు. మన 1962 నాటి అప్పగింత చట్టంలో 21వ సెక్షన్ చెప్పేదీ అదే. కొన్ని అభియోగాలు ఆ హద్దు దాటాయని 2011లో లిస్బన్ కోర్టు అప్పగింతనే రద్దు చేసింది, అక్కడి సుప్రీంకోర్టు సరేనంది. ఆ తీర్పు మన న్యాయస్థానాలను కట్టడి చేయదని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో పేలుళ్ల కేసులో టాడా కోర్టు యావజ్జీవం వేసింది. చివరికి 2022 జులైలో సుప్రీంకోర్టు, పాతికేళ్ల మాట దేశం ఇచ్చిన మాట, దాన్ని కేంద్రం నిలబెట్టుకోవాలి అని తేల్చింది. 2005 అక్టోబరు 12 నుంచి ఆ పాతికేళ్లను లెక్కించాలంది. పేలుళ్లలో తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఈ తీర్పు మింగుడుపడకపోవచ్చు. అయినా నా మటుకు ఇది సరైన తీర్పు. ఇచ్చిన మాట తప్పిన దేశానికి రేపు మరో దేశం మనిషిని అప్పగించదు.

పారిపోయినవాణ్ణి అప్పగించే బాధ సీమకు కొత్తది కాదు. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు ఒకప్పుడు నిజాం రాజ్యం. కర్నూలు జిల్లా నడుమన బనగానపల్లె వేరే సంస్థానం, నవాబుది. అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1948లో. ఒక ఊళ్లో దొంగతనం చేసినవాడు ఏరు దాటితేనో, జొన్నచేను గట్టు దాటితేనో ఇంకో ప్రభువు కిందికి వెళ్లిపోయేవాడు. బ్రిటిష్‌వాళ్లు నిజాంతో 1867లో నేరస్తుల అప్పగింత ఒప్పందం చేసుకోవడానికీ, సంస్థానాలకూ వర్తించేలా 1903లో ఒక చట్టం తేవడానికీ ఇలాంటి హద్దులే కారణం. ఇవ్వాళ ఏరు బదులు అరేబియా సముద్రం వచ్చింది, అట్లాంటిక్ వచ్చింది. హద్దు అవతల నిలబడి, నన్నేం చేయలేరనే మనిషి మాత్రం ఆనాటివాడే.

ఇక అసలు ప్రశ్న. వాడు మా పౌరుడు, మేం ఇవ్వం అనే హక్కు ఒక దేశానికి ఉండాలా?

ఉండాలనే దేశాలు చాలానే ఉన్నాయి. జర్మనీ రాజ్యాంగం తన పౌరుణ్ణి పరదేశానికి అప్పగించరాదంటుంది. ఐరోపా సమాఖ్య దేశాలకూ అంతర్జాతీయ న్యాయస్థానాలకూ మాత్రం సడలింపు ఉంది. రష్యా ఇవ్వదు. ఫ్రాన్స్ ఇవ్వదు. బ్రెజిల్ పుట్టుకతో వచ్చిన పౌరుణ్ణి అసలే ఇవ్వదు, తర్వాత పౌరుడైనవాణ్ణి అంతకుముందు చేసిన నేరాలకు ఇస్తుంది. పోర్చుగల్ కూడా తనవాళ్లను ఉగ్రవాదం, వ్యవస్థీకృత నేరాల్లాంటి కొన్నింటికే, అదీ షరతుల మీదే ఇస్తుంది. ఇంగ్లండ్, అమెరికా దారి వేరు. మనవాడా పరాయివాడా అని చూడకుండా ఇస్తాయి.

ఈ తేడా వెనక ఒక న్యాయమైన కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఐరోపా దేశాల చట్టాలు తమ పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా తమ కోర్టులోనే విచారించనిస్తాయి. మేం ఇవ్వం, కానీ మేమే శిక్షిస్తాం అన్నది వాళ్ల వాదన. ఇంగ్లండ్ చట్టం నేరం జరిగిన చోటే విచారణ అంటుంది. ఇవ్వకపోతే అక్కడ నేరస్తుడు శిక్ష లేకుండా మిగిలిపోతాడు. అందుకే ఇస్తుంది. మన దేశానికి రెండు దారులూ ఉన్నాయి. అప్పగింతలో ఇంగ్లండ్ బాటే పట్టాం, కానీ మన పౌరుడు పరదేశంలో చేసిన నేరాన్నీ ఇక్కడ విచారించే వీలు పాత ఐపీసీ నాలుగో సెక్షన్ నుంచీ ఉంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది మొదటి సెక్షన్‌లోనే చేరింది. అప్పగించడం కుదరకపోతే ఇక్కడే విచారించవచ్చని 1993లో అప్పగింత చట్టానికి 34ఎ సెక్షన్ చేర్చారు.

అందువల్ల ఇవ్వం అనడంలో తప్పు లేదు. ఇవ్వమూ, విచారించమూ అనడంలోనే తప్పు. ఒక మనిషికి రెండు మూడు దేశాల పౌరసత్వం ఉన్నప్పుడు ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. నేరం ఒక దేశంలో చేసి, అవసరం వచ్చిన రోజున రెండో పాస్‌పోర్టు జేబులోంచి తీస్తాడు.

దీనికి ప్రపంచం చెప్పుకునే కేసు షైన్‌బైన్‌ది. 1997లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక హత్య జరిగింది. నిందితుడు పదిహేడేళ్ల అమెరికా కుర్రాడు. పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. ఇజ్రాయెల్‌కు పారిపోయి, మా నాన్న ఇజ్రాయెల్ పౌరుడు కాబట్టి నేనూ పౌరుణ్ణే అన్నాడు. 1978 నాటి ఇజ్రాయెల్ చట్టం పౌరులను అప్పగించనిచ్చేది కాదు. 1999 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు 3–2 తీర్పుతో అప్పగింత కుదరదంది. ఇజ్రాయెల్ అతన్ని వదిలేయలేదు, తన కోర్టులోనే విచారించింది. నేరం ఒప్పుకున్నాడు, 24 ఏళ్లు పడింది. అదే ఏడాది చట్టాన్నీ మార్చింది. నేరం జరిగిన నాటికి ఇజ్రాయెల్‌లో కాపురం లేని పౌరుణ్ణి అప్పగిస్తారు. కాపురం ఉన్నవాణ్ణి కూడా అప్పగిస్తారు, శిక్ష మాత్రం తిరిగి వచ్చి స్వదేశంలో అనుభవించేలా మాట తీసుకుంటారు. కాగితం మీది పౌరసత్వం కాకుండా నేరం నాటి కాపురం చూడాలన్న ఈ కొలత చాలా సబబైనది. దీన్ని మించినది నాకు కనబడలేదు.

దీనికి ఎదురుగా కార్లోస్ ఘోన్ ఉన్నాడు. నిస్సాన్ కంపెనీ అధినేతగా 2018లో జపాన్‌లో అరెస్టయ్యాడు. బెయిలు మీద ఉండగా 2019 డిసెంబరులో లెబనాన్ చేరుకున్నాడు. ఫ్రాన్స్, బ్రెజిల్, లెబనాన్ మూడింటి పౌరుడు. మా పౌరులను ఇవ్వం అంది లెబనాన్. జపాన్‌లోని అభియోగాల మీద లెబనాన్‌లో విచారణ నడవలేదు. 

మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ రెండూ ఆ మాటే అంటాయి. కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు ఓసీఐ కార్డును డ్యూయల్ సిటిజన్‌షిప్ అని పిలుచుకుంటారు గానీ, అది పౌరసత్వం కాదు. 2005లో వచ్చిన జీవితకాలపు వీసా లాంటిది. ఓటు లేదు, పదవి లేదు. అయినా ఎవరు ఏ దేశపు పౌరుడో తేల్చడం మన దగ్గర ఎంత సాగుతుందో వేములవాడ చెబుతుంది. చెన్నమనేని రమేష్ అక్కడి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడన్న వివాదం ఏళ్లపాటు నడిచింది. కేంద్ర హోంశాఖ పౌరసత్వం రద్దు చేసింది, కోర్టు మళ్లీ చూడమంది, మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. అది అప్పగింత కేసు కాదు, నేరం కేసూ కాదు. శాసనసభలో కూర్చున్న మనిషి విషయమే తేలడానికి అంతకాలం పట్టిందంటే, రెండు దేశాల మధ్య తిరిగే నిందితుడి విషయంలో వకీళ్లు ఎంతకాలం వాదించగలరో అర్థమవుతుంది.

మెహుల్ చోక్సీ వ్యవహారం దీనికి తాజా ఉదాహరణ. పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసంలో నిందితుడైన ఇతను, అది బయటపడే ముందు, 2017లోనే ఆంటిగ్వా పౌరసత్వం సంపాదించాడు. డబ్బు పెట్టుబడిగా పెట్టినవాళ్లకు ఆ దేశం పౌరసత్వం ఇస్తుంది. 2018 జనవరిలో మన దేశం విడిచాడు. ఏడేళ్లు గడిచాక 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో అరెస్టయ్యాడు. ఇతను బెల్జియం పౌరుడు కాదు, కాబట్టి పౌరసత్వం అడ్డు రాదు అని ఆంట్వెర్ప్ కోర్టు 2025 అక్టోబరులో అప్పగింతకు ఒప్పుకుంది. డిసెంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అతని అప్పీలును తోసిపుచ్చింది. కొనుక్కున్న పౌరసత్వం అతనికి కొన్నేళ్ల గడువు ఇచ్చింది, అంతే. ఆ పౌరసత్వం బెల్జియంది అయితే కథ వేరే ఉండేది.

మన ఒప్పందాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ విషయంలో ఒకే విధానం కనిపించదు. అమెరికాతో 1997లో చేసుకున్న ఒప్పందం మూడో అధికరణంలోనే, పౌరుడన్న కారణంతో అప్పగింత నిరాకరించరాదని స్పష్టంగా ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 1999 నాటి ఒప్పందం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎవరి పౌరులను వాళ్లు అప్పగించరు, తమ కోర్టుల ముందు పెడతారు. ఫ్రాన్స్‌తో 2003లో చేసుకున్నదీ పౌరులకు మినహాయింపు ఇచ్చిందే. నేపాల్‌తో 1953 నుంచీ ఇదే పద్ధతి.

కాగితం మీద బాగున్న అమెరికా ఒప్పందం ఆచరణలో అంత బాగుండదని మనకు అనుభవం. భోపాల్ విషవాయువు కేసులో వారెన్ ఆండర్సన్‌ను అడిగితే 2004లో అమెరికా నిరాకరించింది. పౌరుడు కాబట్టి ఇవ్వం అని చెప్పలేదు, మన అభ్యర్థన ఒప్పందంలోని షరతులకు సరిపోదంది. ముంబయి దాడుల కుట్రలో ఉన్న డేవిడ్ హెడ్లీ అమెరికా పౌరుడు. నేరం ఒప్పుకున్నందుకు బదులుగా భారత్‌కు పంపబోమని అక్కడి ప్రాసిక్యూటర్లు ముందే మాట ఇచ్చారు. కెనడా పౌరుడైన తహవ్వుర్ రాణాను మాత్రం 2025 ఏప్రిల్‌లో మనకు అప్పగించారు. ఒకే కుట్రలో ఇద్దరు నిందితులు, ఇద్దరికీ రెండు దారులు. పౌరసత్వం అనే అడ్డు తీసేసినా, ఇష్టం లేని దేశానికి ఇంకో అడ్డు దొరుకుతుంది.

హైదరాబాద్‌లో అయితే ఒప్పందమే లేని రోజులు చూశాం. 1991లో హైదరాబాద్ నుంచి బయల్దేరిన విమానంలో ఒక ముసలి సౌదీ పౌరుడి పక్కన ఏడుస్తూ కూర్చున్న చిన్నపిల్లను ఎయిర్‌హోస్టెస్ గుర్తించింది. ఆ పిల్లను అతనికి పెళ్లి చేశారు. పోలీసులు అరెస్టు చేశారు. బెయిలు మీద వచ్చినవాడు దేశం దాటాడు. సౌదీ అరేబియాతో మనకు ఒప్పందం కుదిరింది 2010లో. పాతబస్తీ ఆడపిల్లలకు ఆ ఒప్పందం పంతొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇక కడప. ఎర్రచందనం దొంగరవాణా ఆరోపణలున్న కొల్లం గంగిరెడ్డి 2014లో బెయిలు మీద బయటికి వచ్చి మాయమయ్యాడు. నకిలీ పాస్‌పోర్టుతో దేశం దాటాడని తేలింది. ఇంటర్‌పోల్ రెడ్ కార్నర్ నోటీసు మీద 2015లో మారిషస్‌లో పట్టుబడ్డాడు. అదే ఏడాది నవంబరులో రాష్ట్ర పోలీసులు వెనక్కి తెచ్చారు. అతను మారిషస్ పౌరుడు కాడు, అందుకే అది నెలల్లో తేలిపోయింది. ప్రధానంగా శేషాచలం, లంకమల, పాలకొండ లాంటి అడవుల్లోనే సహజంగా పెరిగే చెట్టు కోసం నడిచే వ్యాపారానికి సూత్రధారులు సముద్రం అవతల ఉంటారు. గొడ్డలి పట్టుకుని కొండెక్కిన కూలీ ఇక్కడే దొరుకుతాడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఇరవైమంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సరుకు కొన్నవాడికి ఏ దేశపు పౌరసత్వం ఉందన్నది ఆ రోజు ఎవరికీ పట్టలేదు. అప్పగింత వ్యవస్థ బలహీనంగా ఉంటే శిక్ష అడుగునున్నవాడి మీదే పడుతుందనడానికి ఇంతకంటే దగ్గరి రుజువు నాకు దొరకలేదు.

రాజంపేట, రాయచోటి, పుల్లంపేట, రైల్వేకోడూరు పల్లెల నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు అక్కడి పౌరసత్వం వచ్చేది కాదు. నలభై ఏళ్లు ఇళ్లలో పనిచేసినా అకామా (నివాస అనుమతి) మీద బతకాలి. వాళ్లకు రెండో పాస్‌పోర్టు లేదు, ఉన్న ఒక్కటీ చాలాసార్లు యజమాని దగ్గరే ఉంటుంది. కువైట్‌తో 2004లో మనం అప్పగింత ఒప్పందం చేసుకున్నాం. వీళ్లకు అంతకన్నా అక్కర ఉన్నది శిక్ష పడిన ఖైదీలను స్వదేశం తెచ్చుకునే ఏర్పాటు. 2003లో ఖైదీల బదిలీకి చట్టం వచ్చినా, జైల్లో ఉన్న కొడుకు కోసం ఏ కార్యాలయానికి వెళ్లాలో రాయచోటిలో ఉన్న తల్లికి చెప్పే మనిషి ఉండాలి.

అమెరికా సంబంధాల సంగతి వేరు. పాలలో ముంచిన చేతులతో అప్పగించిన పిల్లను వదిలేసి, కట్నం డబ్బుతో అక్కడే స్థిరపడి, గ్రీన్‌కార్డు తర్వాత అక్కడి పౌరసత్వం తీసుకున్న అల్లుళ్లు ఉన్నారు. వాడు అమెరికా సిటిజన్ అయిపోయాడమ్మా, ఇక ఏం చేయలేం అని స్టేషన్‌లో చెప్పడం వింటుంటాం. అది తప్పుడు మాట. పౌరసత్వం అడ్డు కాదని ఒప్పందంలోనే ఉంది. అసలు అడ్డు వేరే చోట ఉంది. రెండు దేశాల చట్టాల్లోనూ నేరమైతేనే అప్పగిస్తారు. కట్నం అడగడం అక్కడ నేరం కాదు. కొట్టడం నేరం, దొంగ సంతకం నేరం, మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లి నేరం, మోసం చేసి డబ్బు తీసుకోవడం నేరం. పాస్‌పోర్టు రద్దు చేయడమూ ఒక ఆయుధమే. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో నిందితుడైన మాజీ పోలీసు అధికారి టి. ప్రభాకరరావు అమెరికాలో ఉండగా పాస్‌పోర్టు రద్దయింది, సుప్రీంకోర్టు రక్షణతో 2025 జూన్‌లో తిరిగొచ్చి విచారణకు హాజరయ్యారు. కానీ పరదేశపు పౌరుడైపోయినవాడి మీద ఆ ఆయుధం పనిచేయదు. అప్పుడు మిగిలేది అప్పగింత ఒక్కటే.

ప్రభుత్వం చేయాల్సింది ఉంది. ఎమిరేట్స్, ఫ్రాన్స్ లాంటి దేశాలతో ఒప్పందాలు తిరగరాసే రోజున, పౌరుణ్ణి ఇవ్వకపోతే ఫలానా గడువులో విచారణ మొదలుపెట్టాలనీ, ఫలితాన్ని మనకు తెలపాలనీ రాయించాలి. నేరం తర్వాత సంపాదించిన పౌరసత్వం చెల్లదని రాయించాలి.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. కర్నూలులో గానీ కడపలో గానీ అమెరికా అల్లుడు వదిలేసిన ఆడబిడ్డ తరఫున ఫిర్యాదు రాయిస్తుంటే, కట్నం కోసం వేధించాడు అన్న ఒక్క వాక్యంతో ఆపకండి. ఏ తేదీన కొట్టాడు, ఏ ఆసుపత్రిలో చూపించారు, ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకు ఎంత డబ్బు వెళ్లింది, ఏ కాగితం మీద ఎవరి సంతకం పెట్టాడు, అన్నీ రాయించండి. రేపు అమెరికా న్యాయమూర్తి ముందుకు వెళ్లే కాగితాలకు మూలం ఆ ఫిర్యాదే.